ఆ నోట్సు ఇక మీరు రాయకండి

“మాది తిరుపతి. బాబుకి ఎనిమిదేళ్లు. ఎక్కాలన్నీ గడగడా చెప్తాడు, బోర్డు చూసి రాయమంటే మాత్రం లైన్లకు లైన్లే వదిలేస్తాడు. ట్యూబ్‌లైటు కింద కళ్లు చిట్లిస్తాడు. గంగజాతరలో వేషాలు, సీరియల్ లైట్లు చూసి రోడ్డు మీదే కూలబడి కళ్లు మూసుకుని ఏడ్చాడు. అత్తమ్మ దిష్టి అంటారు. మా ఆయన నాటకాలని కొడతారు. ఆయనకు తెలియకుండా రాత్రిళ్లు నోట్సు నేనే పూర్తి చేస్తున్నాను. హాస్టల్లో వేస్తే దారిలో పడతాడా?”

హాస్టల్ మాట ఇక ఎత్తకండమ్మా. ఇంట్లోనే తట్టుకోలేని పసివాడు అక్కడ ఎవరితో చెప్పుకుంటాడు?

మీ ఉత్తరంలో “ఆయనకు తెలియకుండా” అన్న చోట ఆగిపోయాను. వాడు నిద్రపోయాక, వాడి వంకర అక్షరాల్లా వంకరగా రాస్తూ కూర్చున్నారు. ఆ నోట్సు చూసి మీ ఆయన ఏమనుకుంటారు? కొడితే రాస్తున్నాడనేగా! రేపటి దెబ్బకు మీ చేతులతోనే దారి వేస్తున్నారు. భర్త కోపానికి జడిసి ఎన్నో సర్దుకుంటాం, నేనూ కాదనను. బిడ్డ వీపు దగ్గర మాత్రం సర్దుబాటు ఉండకూడదు. బళ్లో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. బళ్లో తప్పయినది ఇంట్లో పెంపకం ఎలా అవుతుంది?

ఆయన శాంతంగా ఉన్న పూట ఒక పుస్తకం అద్దం ముందు పెట్టి, అద్దంలో చూస్తూ అయిదు లైన్లు రాయమనండి. ఎక్కడున్నానో వెతుక్కోవడం, లైను తప్పడం, చిరాకు... అప్పుడు కొడుకు సంగతి చెప్పండి. మీ మీదా చెయ్యి చేసుకునే మనిషయితే ఒంటరిగా మాట్లాడకండి, పెద్దవాళ్లను పిలిపించండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

చూపు బాగున్నా, కళ్లు పంపినదాన్ని మెదడు సర్దుకోలేకపోవడం కొందరు పిల్లల్లో ఉంటుంది. మనకు మామూలు వెలుతురే వాళ్లకు గుచ్చుకుంటుంది. మీవాడిది అదేనని ఉత్తరం చూసి తేల్చలేను, ముందు కంటి పరీక్ష జరగాలి. మీ ఊళ్లోనే అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. దగ్గరి వస్తువు మీద రెండు కళ్లూ కలిసి నిలుస్తున్నాయో లేదో కూడా చూడమని అడగండి. అక్కడ తేడా లేదంటే పిల్లల డాక్టరును కలిసి, రాయడం, చదవడం లాంటి రోజువారీ పనులకు పిల్లల్ని అలవాటు చేసే ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి రాయించుకోండి.

ఈలోగా రెపరెపలాడే ట్యూబ్‌లైటు మార్చండి. పెళ్లి శుభలేఖ అట్టలో ఒక లైను పట్టేంత కిటికీ కోసివ్వండి, అది జరుపుకుంటూ చదువుతాడు. పేజీకి రెండే లెక్కలు వేయండి. టీచరమ్మను ముందు బెంచీ అడగండి, కిటికీ ఎండ కళ్లలో పడకుండా. బోర్డు మీది పాఠం కాగితం మీద రాసి బల్ల మీదే పెట్టమనండి. వచ్చే జాతరకు జనం చేరకముందే, పగటిపూట గంగమ్మ తల్లి దర్శనం చేయించి తీసుకొచ్చేయండి. అత్తమ్మను దిష్టి తీయనివ్వండి, దాంతో నష్టం లేదు.

ఆసుపత్రికి మాత్రం ఇద్దరూ వెళ్లాలి. ఆయనకు ఆ రోజు సెలవు దొరకకపోతే రోజు మార్చండి. డాక్టరు చెప్పే మాట మీ నోటి ద్వారా కాకుండా, ఆయన చెవులతో ఆయనే వినాలి.