ఎందులో వండమంటావమ్మా?

అమ్మలూ,

నిన్ను గుడిలో, అదే మన చర్చిలో, సేవా కమిటీకి కన్వీనర్‌ని చేశారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషమే. కానీ నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ చదివాక కాస్త కంగారేసింది, దాచడం ఎందుకు. మొదటి నెలలోనే ఆసుపత్రి దగ్గర భోజనాలు, వృద్ధాశ్రమంలో దుప్పట్లు, మెడికల్ క్యాంపు, క్రిస్మస్‌కి వందమంది విధవరాండ్రకు చీరలు, మధ్యలో యూత్‌కి టీషర్టులు, ఒక బ్యానరు. అన్నీ మంచివే. అయితే ఎవరికి ఏం కావాలో వాళ్ళని అడిగినట్టు అందులో ఎక్కడా లేదు, మనకు ఏం పంచడం వీలో అదే ఉంది.

ముప్పై ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను, అంతకంటే ఎక్కువ కాలం గుడిలో ఈ పనులు చూశాను, నేను చేసిన తప్పులు తక్కువేం కాదు. మొదటిది నీకంటే చిన్న వయసులో చేశాను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు 19 ఏళ్ళు. మా హాస్టల్ అమ్మాయిలం, సంఘ పెద్దలు కొందరు కలిసి బియ్యం, పాత బట్టలు లారీకెత్తి అవనిగడ్డ వైపు వెళ్ళాం. వేలమంది పోయారు, ఇంకా పశువుల కళేబరాలు తీస్తూనే ఉన్నారు, ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేను. ఒకాయన తువ్వాలు పరిస్తే అందులో బియ్యం పోశాను. ఆయన మూట కట్టుకోకుండా అలాగే నిలబడి "ఎందులో వండమంటావమ్మా?" అన్నాడు. కోపంగా కూడా కాదు, మామూలుగానే అడిగాడు. ఇల్లు లేదు, గిన్నె లేదు, అగ్గిపెట్టె లేదు, బావిలో ఉప్పునీళ్ళు. మా లారీలో మాత్రం ఎవరో ఇచ్చిన జరీ చీరలు, పిల్లల స్వెట్టర్లు, జత తప్పిన చెప్పులు ఉన్నాయి గానీ వెతికితే ఒక్క సత్తు గిన్నె దొరకలేదు.

47 ఏళ్ళ తర్వాత, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు మనవాళ్ళు మళ్ళీ అచ్చం అదే చేశారు. బ్రెడ్డు, బిస్కెట్లు కుప్పలుగా పంపారు. మేడల మీద చిక్కుకుపోయిన ఆడవాళ్ళు అడిగింది శానిటరీ ప్యాడ్లు, బీపీ షుగరు మాత్రలు, కొవ్వొత్తులు, ఫోన్ చార్జింగు. నీళ్ళు తీశాక అక్కడికి వెళ్ళేవాళ్ళు తగ్గిపోయారు, అసలు కష్టం మొదలైందే అప్పుడు, ఇళ్ళనిండా బురద. మన యూత్ పిల్లలు పన్నెండుమంది పారలు, తట్టలు, బ్లీచింగు పౌడరు పట్టుకెళ్ళి నాలుగు రోజుల పాటు ఒక వీధి ఇళ్ళు కడిగారే, నువ్వు చదువుల్లో పడి రాలేదు గానీ, నా లెక్కలో మన గుడి చేసిన మంచి పనుల్లో అది మొదటిది. ఒక్క ఫోటో లేదు దానికి, చేతులు బురదైతే ఫోన్ ఎవరు తీస్తారు.

ఇప్పుడు ఆసుపత్రి సంగతి. నీ ప్లాన్‌లో ఇదొక్కటి ఉంచి మిగతావి కొట్టెయ్. ఒక్కటే పని, వారానికి ఒక్క రోజు, కానీ ఏడాదంతా. పండక్కి అందరూ పెడతారమ్మా, డిసెంబరులో ఆసుపత్రి ముందు బిర్యానీ పొట్లాలు ఎక్కువై కుక్కలకు పోస్తారు, జూన్‌లో చూస్తే ఒక్కరుండరు.

పెద్దాసుపత్రిలో పేషెంటుకి తిండి ఇస్తారు, తోడొచ్చినవాళ్ళకి ఇవ్వరు. పల్నాడు నుంచో ప్రకాశం నుంచో వచ్చినవాళ్ళు, తెచ్చుకున్న డబ్బులు మూడో రోజుకి అయిపోతాయి. ముందు నువ్వు ఏమీ పట్టుకెళ్ళకుండా నాలుగు రోజులు వెళ్ళి చెట్టు కింద వాళ్ళతో కూర్చో, ఊరికే మాట్లాడు. ఎప్పుడు లేస్తారు, ఎక్కడ స్నానం చేస్తారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు. నీకే తెలుస్తుంది. నువ్వు రాసుకున్న ఉదయం తొమ్మిది గంటలు పనికిరాదు, అది డాక్టర్లు రౌండ్సుకి వచ్చే వేళ, పేషెంటు తాలూకు మనిషి మంచం వదిలి బయటికి రాలేడు, నీ పొట్లాలు గేటు దగ్గర తిరిగేవాళ్ళకే అందుతాయి. ఏడున్నర లోపు అయిపోవాలి. సూపరింటెండెంటు గారికి లెటర్ పెట్టి పర్మిషన్ తీసుకో, సెక్యూరిటీ వాళ్ళకి కూడా ఓ పొట్లం ఇవ్వు, లంచం కాదది, రాత్రంతా నిలబడ్డ మనిషికి ఆకలి ఉండదా.

ఏం వండాలంటే, పులిహోర. నాకు ఇష్టమని కాదు. ఇడ్లీ వేడివేడిగా కడితే పొట్లంలో చెమటపట్టి జిగురొస్తుంది, కొబ్బరి చట్నీ మన ఎండలకి గంటల్లో పులుస్తుంది, ఉప్మా చల్లారితే రాయి. పులిహోర చింతపండుతో కాబట్టి కాస్త నిలుస్తుంది, చేత్తో తినొచ్చు, నంజుకోడానికి ఏమీ అక్కర్లేదు. పది కేజీల బియ్యం పెడితే దాదాపు వందమందికి వస్తుంది. అన్నం ఆరబోసి కలపాలి, వేడిమీద మూతపెడితే పాడైపోతుంది. ప్రతిసారీ ఒక పొట్లం ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటిదాకా ఉంచండి, ఎవరికైనా వాంతులయ్యాయంటే చూపించడానికి ఉంటుంది. వంటకు వచ్చేవాళ్ళలో ఎవరికి జలుబున్నా, చేతికి పుండున్నా ఆ రోజు పొట్లాలు ముట్టుకోకుండా లెక్కలు రాయమను.

తిండి కంటే వాళ్ళకి ఎక్కువ కావాల్సింది ఒకటుంది, అది నేను నర్సుగా ఉన్నప్పుడే చూశాను. పేషెంటు పక్కన గంటసేపు కూర్చునే మనిషి. వాళ్ళు స్నానం చేసొస్తారు, బట్టలు ఉతుక్కుంటారు, ఓ గంట కన్ను మూస్తారు. మన స్త్రీల సమాజంలో రిటైరైన టీచర్లు ఎంతమంది లేరు, వంట చేయలేం మోకాళ్ళ నొప్పులు అంటారు, కుర్చీలో కూర్చోగలరు కదా. వాళ్ళకి సెలైన్ ఆగితే సిస్టర్ని పిలవడం తప్ప ఇంకేం చేయొద్దని గట్టిగా చెప్పు. మందులు చెప్పొద్దు, మా బావగారికీ ఇదే జబ్బు వచ్చింది అంటూ కథలు అసలే చెప్పొద్దు. అలాగే కాగితాలు చదవగలిగిన కుర్రాడు ఒకడు కావాలి. ఆరోగ్యశ్రీకి (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) ఏం కావాలి, ఆధార్‌లో పేరు తప్పుంటే ఎక్కడికి వెళ్ళాలి, వేలిముద్ర పడక ముసలాయనకి పెన్షన్ ఆగిపోతే వార్డు సచివాలయంలో ఎవరిని అడగాలి. ఇవి తెలిసినవాడు ఒక్కడుంటే పదిమంది వంటవాళ్ళతో సమానం.

పొట్లంలో సువార్త కరపత్రం పెట్టొద్దు. పాస్టరుగారు ఒప్పుకోకపోతే నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను. ఆకలితో చెయ్యి చాపినవాడి చేతిలో అన్నంతో పాటు ఇంకోటి పెడితే అది బేరం అవుతుంది. ముందు ప్రార్థన, తర్వాత పొట్లం అని వరసలో నిలబెట్టడమూ అంతే. ఎవరైనా "అమ్మా, మా బిడ్డ కోసం ప్రార్థన చెయ్యండి" అని వాళ్ళంతట వాళ్ళు అడిగితే చెయ్యి, మెల్లగా, పక్క మంచానికి వినపడకుండా. అడక్కపోతే నీ గదిలో చేసుకో, దేవుడికి చెవుడు లేదు.

ఫోటోల గురించి నువ్వు వాదిస్తావని తెలుసు, దాతలకు చూపించాలి అంటావు. వండేటప్పుడు తీయి, డేగిసా తీయి, ఉల్లిపాయలు తరిగేవాళ్ళని తీయి. తీసుకునేవాళ్ళ ముఖం తీయకు. ఒక క్రిస్మస్‌కి మనవాళ్ళు స్టేజీ మీదికి పిలిచి చీరలిచ్చి తీసిన ఫోటో గ్రూపుల్లో తిరిగి తిరిగి ఒకామె కూతురు చదివే కాలేజీ దాకా వెళ్ళింది. ఆ పిల్ల ఇంటికొచ్చి తల్లితో ఏమందో తెలియదు, ఆ తల్లి మళ్ళీ గుడి మెట్లెక్కలేదు. ఆ ఫోటోలో చీర పట్టుకుని నవ్వుతున్నది నేను.

లిస్టు దగ్గర గొడవలొస్తాయి, రెడీగా ఉండు. పెద్దల్లో ఒకరు మా తోడల్లుడి కుటుంబం అంటారు, ఇంకొకరు మా పేటవాళ్ళని వదిలేశారు అంటారు. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం తీసి చూడు, మొదటి సంఘంలోనే గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజూ వడ్డించే దగ్గర అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది, దాని కోసం ఏడుగురిని ప్రత్యేకంగా పెట్టాల్సి వచ్చింది. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే, అది గమనించు. ఎవరికి అందలేదో ఆ వైపువాళ్ళ చేతికే గరిటె ఇచ్చారన్నమాట. నువ్వూ అలాగే, ఎప్పుడూ తిట్టే ఆ చివరి పేటవాళ్ళని ఇద్దర్ని కమిటీలో వేసుకో.

టీబీ పేషెంట్ల విషయం నువ్వు రాయలేదు, నేను చెబుతున్నా. 2022 నుంచి నిక్షయ్ మిత్ర అని ప్రభుత్వ పథకం ఉంది, ఎవరైనా, ఏ సంఘమైనా పేరు నమోదు చేసుకుని కొందరు రోగులకు నెలనెలా పోషకాహారం బుట్ట ఇవ్వొచ్చు. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, తిండికి నెలకు 500 ఇచ్చేవాళ్ళు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. మామూలు టీబీకి ఆరు నెలల మందు. రెండో నెలకే దగ్గు తగ్గి ఒళ్ళు తేలికై మందు మానేస్తారు, అక్కడే కొంప మునుగుతుంది. ఐదుగురినే తీసుకోండి, కందిపప్పు, వేరుశెనగలు, గుడ్లు, నూనె, ఆరు నెలలూ ఇవ్వండి. ఒక్కరే వెళ్ళాలి, మామూలు సంచితో, చుట్టంలాగా. ఆరుగురు టీషర్టులేసుకుని వెళితే సాయంత్రానికి వీధంతా తెలిసి ఆ ఇంటి అమ్మాయి పెళ్ళి సంబంధం తప్పిపోతుంది.

డబ్బు. కానుకలు లెక్కపెట్టేటప్పుడు ఇద్దరుండాలి, వాళ్ళిద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. ప్రతి నెలా మొదటి ఆదివారం లెక్క చదివి వినిపించు, మూడు వందలు మిగిలినా చదువు. డల్లాస్‌లో ఉన్న మన వాడు పంపిస్తానన్నాడని రాశావు, అక్కడ ఆగు. వాడికి ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉండి సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం వస్తుంది, అప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం తీసుకోకూడదు. మన తెలుగువాడే కదా, మన మేనల్లుడే కదా అంటే చట్టం వినదు. ముందు ఆడిటర్‌ని కలువు.

అసలు అంత దూరం డబ్బు అవసరం లేదు కూడా. మిజోరంలో 1910 నుంచి ఆడవాళ్ళు వంట చేసేటప్పుడల్లా గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టి గుడికి ఇస్తున్నారు. మన గుడిలోనూ మా అమ్మ రోజుల్లో పిడికిలి బియ్యం ఉండేది, బీరువా వెనక ఆ డబ్బాలు ఇంకా ఉండాలి, వెతికించు. వారానికి పది కేజీలు అలాగే వస్తాయి, ఇచ్చేవాళ్ళలో పేదవాళ్ళూ ఉంటారు, అదే కావాలి నాకు. పోయినేడు చెట్టు కింద మన పొట్లం తిన్న ఒకామె, భర్త డిశ్చార్జి అయి వెళ్ళాక, మళ్ళీ చెకప్‌కి వచ్చినప్పుడు కేజీ కంది తెచ్చి నా ఒళ్ళో పోసింది. వద్దని అనబోయి ఊరుకున్నాను.

నువ్వు పుట్టిన కుగ్లర్ ఆసుపత్రి ఎలా వచ్చిందో తెలుసా? ఆ అన్నా కుగ్లర్ డాక్టరమ్మని 1883లో గుంటూరు పంపింది వైద్యం కోసం కాదు, ఇళ్ళలో ఆడవాళ్ళకి చదువు చెప్పడానికి. జబ్బుపడ్డ ఆడవాళ్ళు ఆమె దగ్గరికి వస్తూనే ఉన్నారు, ఆమె చూస్తూనే ఉంది, ఆ తర్వాతే పంపినవాళ్ళు ఒప్పుకున్నారు, ఆసుపత్రి 1898కి గానీ తెరవలేదు. పదిహేనేళ్ళు పట్టిందన్నమాట. నువ్వేమో మార్చి కల్లా రిపోర్టు ఇవ్వాలి అంటున్నావు.

టీషర్టుల డబ్బుతో చాపలు కొను, ఆసుపత్రిలో రాత్రిపూట కింద పడుకోడానికి. నా దగ్గర పెద్ద డేగిసా ఒకటి ఉంది, పన్నెండు కేజీలు పడుతుంది, మూత ఎవరో పట్టుకెళ్ళి ఇవ్వలేదు, పళ్ళెం బోర్లిస్తే సరిపోతుంది. శనివారం సాయంత్రం ఆటో తీసుకుని రా, ఒక్కదానివి ఎత్తలేవు, మీ తమ్ముణ్ణి కూడా తీసుకురా.

దీవెనలతో,
నీ మేనత్త