అమెరికాలో పక్కింటి తలుపు తట్టడం ఎలా?

ఈ సంక్రాంతికి నేను కర్నూలు వచ్చినప్పుడు మా వీధి అబ్బాయి భార్యను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. అతనికి షికాగోలో ఉద్యోగం, వచ్చే నెలలో ప్రయాణం. "అన్నా, అక్కడ పక్కింటోళ్లు పలకరించరంట కదా. నేను ఆఫీసుకు పోతే ఈమె ఒక్కతే ఉండాల. తెలుగోళ్లు ఎక్కువుండే చోటే ఇల్లు చూసుకోమంటావా?" అని అడిగాడు. ఇదే సందేహం చాలామందికి ఉంటుంది కాబట్టి అతనితో అన్న మాటలే ఇక్కడ రాస్తున్నాను.

తెలుగు సంఘం కావాల్సిందే. ఉగాదికి, పిల్లల తెలుగు చదువుకు అదే దిక్కు. కానీ అర్ధరాత్రి నీళ్ల పైపు పగిలితే ముప్పై మైళ్ల అవతల ఉన్న తెలుగు స్నేహితుడు ఏం చేయగలడు? ఆ వేళకు ఎదురింటివాళ్లే కావాలి.

ఈ సంగతి నాకు కర్నూలే నేర్పింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు అమ్మ పాతబస్తీలో ఒంటరిగా ఉంది. నేను షికాగోలో ఉన్నాను. ఫోన్లు కలవలేదు. రెండు రోజులు ముద్ద దిగలేదు. పక్కింటి భాయ్ పిల్లలు అమ్మను ఎత్తుకుని తమ మిద్దె మీదికి చేర్చారని, తాము తిన్న బొరుగులే ఆమెకూ పెట్టారని తర్వాత తెలిసింది. ఆ కబురు విన్న సాయంత్రం షికాగోలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని వీధిని చూశాను. ఆరేళ్లుగా ఉంటున్నా ఎదురింటి పెద్దామె పేరు నాకు తెలియదు. నాకు ఏడుపొచ్చింది. బ్లాక్ క్లబ్ గురించి అడగడం ఆ తర్వాతే మొదలుపెట్టాను.

బ్లాక్ అంటే రెండు అడ్డవీధుల మధ్య ఉండే వీధి ముక్క, రెండు వరసల ఇళ్లూ కలిపి. ఆ ఇళ్లవాళ్లు ఇష్టపడి కట్టుకునే కూటమే బ్లాక్ క్లబ్. హోమ్ ఓనర్స్ అసోసియేషన్ వేరు. దాని కింద ఉన్న ఇల్లు కొంటే సభ్యత్వం తప్పదు, రుసుము కట్టాలి, రూల్స్‌కు చట్టబలం ఉంటుంది. క్లబ్‌లో అద్దెకుండేవాళ్లూ చేరవచ్చు. ఏ వీసా అని ఎవరూ అడగరు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా దక్షిణాది నుంచి షికాగోకు వలస వచ్చిన నల్లజాతి కుటుంబాలు, నల్లజాతివాళ్ల బాగు కోసం పనిచేసే అర్బన్ లీగ్ అనే సంస్థ తోడ్పాటుతో ఇలాంటి క్లబ్బులను పెంచుకున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు నిలదొక్కుకోవడానికి వాడుకున్న ఏర్పాటు ఇది. మనకెందుకులే అనుకోవద్దు.

వీధిలో వినాయకుణ్ని నిలబెట్టినవాడికి ఈ పని కొత్త కాదు. షామియానా ఎవరు చూడాలి, కేసీ కెనాల్ దాకా బండి ఎవరు తేవాలి, నిమజ్జనం తర్వాత లెక్క ఎవరు చదవాలి, ఇవన్నీ మనవాళ్లకు తెలుసు. ఒక్కటే తేడా. ఇక్కడ చందాల పుస్తకంతో మొదలుపెడతాం, అక్కడ అలా చేయొద్దు. మొదటి ఏడాది డబ్బు మాటే ఎత్తవద్దు. తర్వాత అవసరమైతే క్లబ్ పేరు మీద బ్యాంకు ఖాతా తెరవండి. దానికి కావలసిన ఈఐఎన్ నంబరును, అంటే సంస్థలకిచ్చే పన్ను గుర్తింపు సంఖ్యను, అక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఉచితంగానే ఇస్తుంది. ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు బయటికి రావాలి. సొంత ఖాతాలో మాత్రం ఒక్క డాలరు కూడా వేసుకోవద్దు.

ముందు మీ వీధికి క్లబ్ ఇప్పటికే ఉందేమో కనుక్కోండి. షికాగోలో 50 వార్డులు, వార్డుకొక ఆల్డర్‌మన్ (మన కార్పొరేటర్ లాంటివాడు) ఆఫీసు ఉంటాయి. అక్కడ అడగండి. జనంతో కలిసి పనిచేయడానికి పోలీసులు 1993లో మొదలుపెట్టిన క్యాప్స్ కార్యక్రమంలో బీట్ మీటింగులు, అంటే ఒక్కో పోలీసు గస్తీ ప్రాంతంలోని జనంతో సమావేశాలు, జరుగుతాయి. వాటికి పోతే వీధి గురించి పట్టించుకునేవాళ్లు కనబడతారు. క్లబ్ లేకపోతే మీరే ఒక కాగితం అచ్చు వేయించుకుని ఇల్లిల్లూ తిరగండి. కాగితాన్ని మెయిల్‌బాక్స్‌లో మాత్రం వేయకండి. స్టాంపు లేనిది అందులో వేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. నాకు తెలియక వేస్తే పోస్ట్‌మన్ మందలించాడు. తలుపు పిడికి తగిలిస్తే సరిపోతుంది.

నా మొదటి మీటింగుకు ముగ్గురే వచ్చారు. చాలు. ఒక్క పని పెట్టుకున్నాం: వెలగని వీధి దీపం. నగరపాలక సంస్థకు ఫిర్యాదులు చెప్పే 311 నంబరుకు ఫోన్ చేసి, వాళ్లిచ్చిన రిక్వెస్ట్ నంబరు రాసి పెట్టుకుని, వంతులవారీగా మళ్లీ మళ్లీ అడిగాం. దీపం వెలిగింది, తర్వాతి మీటింగుకు పదకొండు మంది వచ్చారు. చలికాలంలో ఎదురింటి పెద్దామె ముందు కాలిబాట మీది మంచు ఎవరు తీయాలో వంతులు వేసుకున్నాం. ఏటా ఆగస్టు మొదటి మంగళవారం ఇరుగుపొరుగు, పోలీసులు వీధుల్లో కలుసుకునే నేషనల్ నైట్ అవుట్ జరుపుతారు. 1984 నుంచీ ఉంది. మొదటి వీధి భోజనానికి ఆ రోజు బాగుంటుంది. ఉగ్గాని చేసుకుపోండి, ఇష్టంగా తింటారు. కానీ బుడ్డలు వేసిన వంటకం అయితే పేరు రాసి విడిగా పెట్టండి. వేరుశనగ అలర్జీతో పిల్లల ప్రాణం మీదికి వస్తుంది.

రెండు విషయాల్లో నేను గట్టిగా ఉంటాను. వీధిలో కొత్త మనిషి, అందులోనూ నల్లజాతి కుర్రవాడు, నడిచిపోతున్నాడని అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయడం క్లబ్ పని కాదు. నేరం కళ్ల ముందు జరిగినా, మంటలు అంటుకున్నా, ఎవరి ప్రాణం మీదికి వచ్చినా ఆ నంబరు. అలాంటి ఫోన్ ఒక అమాయకుడి ప్రాణం తీయగలదు. రెండోది రాజకీయం. నాయకులు వీధి సభలకు వస్తారు, చేయి కలపండి. గ్రీన్ కార్డు కూడా లేనివాళ్లు ఎన్నికల ప్రచారానికి విరాళం ఇవ్వడం చట్టవిరుద్ధం. పౌరసత్వం రాకుండా ఓటరు ఫారం మీద సంతకం పెడితే తర్వాత ఇమ్మిగ్రేషన్‌లో పెద్ద చిక్కు. మొహమాటానికి కూడా పెట్టకండి.

అంతా విని ఆ అమ్మాయి, "అన్నా, నా ఇంగ్లీషు అంతంత మాత్రమే. తలుపు తీయగానే ఏం చెప్పాల?" అని అడిగింది. ఎంతో చెప్పక్కర్లేదమ్మా అన్నాను. మీ పేరు, ఏ ఇంట్లో దిగారో చెప్పు. వాళ్ల పేరు అడిగి, సరిగ్గా పలికేదాకా మళ్లీ అడుగు. ఇంటికి రాగానే ఒక నోట్‌బుక్‌లో రాసుకో. మొదటి వారం మూడిళ్లు చాలు, ఎదురిల్లు, అటూ ఇటూ.