క్వాడ్‌లో ఉన్నాం సరే, యుద్ధమొస్తే ఎవరొస్తారు?

మీ ప్రశ్నలు – మా జవాబులు: దేశ రక్షణ, విదేశీ సంబంధాలు
(ఈ సంచికకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకుల ఉత్తరాలు)

ప్రశ్న: క్వాడ్‌లో అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా మనతో ఉన్నాయి కదా. చైనా మన మీదికొస్తే ఆ మూడు దేశాలూ సైన్యాన్ని పంపాల్సిందేనా? మా కాలేజీలో ఈ వాదన తెగడం లేదు.
– డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: పంపాల్సిన పని లేదు. పంపుతామని రాసిచ్చిన కాగితం ఏదీ లేదు. క్వాడ్‌కు ఒప్పంద పత్రం లేదు, సచివాలయం లేదు, ఉమ్మడి సైన్యాధిపతి లేడు. దాని మూలాలు మీ తీరానికి బాగా తెలిసిన రోజులోనే ఉన్నాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు సహాయ చర్యల కోసం ఈ నాలుగు దేశాల నౌకాదళాలు కలిసి పనిచేశాయి. 2007లో ఆ పరిచయం సమావేశాల దాకా వచ్చి ఆగిపోయింది. 2017లో మనీలాలో అధికారుల స్థాయిలో మళ్లీ మొదలై, 2021 మార్చిలో దేశాధినేతల స్థాయికి చేరింది. ఇప్పటికీ అది కలిసి మాట్లాడుకునే వేదికే.

సైనిక కూటమి అంటే వేరు. ఎవరు ఎవరి కోసం, ఎక్కడ దాడి జరిగితే కదలాలో అందులో రాసుంటుంది. 1949 నాటి నాటో ఒప్పందంలో 5వ అధికరణం ఒక సభ్యదేశంపై దాడిని అందరిపై దాడిగా చూస్తామంటుంది. అక్కడ కూడా షరతు లేకపోలేదు. ప్రతి దేశమూ ‘తనకు అవసరమనిపించిన చర్య’ తీసుకుంటుందనే ఉంది కానీ, సైన్యాన్ని తప్పక పంపుతుందని లేదు. ఆ అధికరణాన్ని అమలుకు పిలిచింది ఒక్కసారే, 2001లో అమెరికాపై ఉగ్రదాడుల తర్వాత. 1960 నాటి అమెరికా–జపాన్ ఒప్పందం ఇంకా ఇరుకు. జపాన్ పాలనలోని భూభాగంపై దాడి జరిగితేనే అది వర్తిస్తుంది. అమెరికా గడ్డ మీద దాడి జరిగితే జపాన్ పరుగెత్తాలని అందులో లేదు.

మన చరిత్రలో ఇలాంటిదానికి దగ్గరగా వచ్చినది 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో చేసుకున్న మైత్రీ ఒప్పందం. దాని 9వ అధికరణం కూడా దాడి గానీ దాని ముప్పు గానీ ఎదురైతే వెంటనే సంప్రదించుకుని తగిన చర్యలు తీసుకుందామనే చెప్పింది. ఆ డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వేళ అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు సోవియట్ నౌకలూ హిందూ మహాసముద్రంలోకి వచ్చాయి. మాట సంప్రదింపులదే అయినా, సోవియట్ వాళ్ల అవసరం కూడా కలిసొచ్చింది కాబట్టి అది పనిచేసింది. మీ వాదనలో ఎవరైనా ‘ఫలానా దేశం మనకు మిత్రదేశం’ అంటే, ‘ఏ ఒప్పందం, ఏ అధికరణం, ఏ ప్రాంతం’ అని అడగండి. సగం వాదన అక్కడే తేలిపోతుంది.

మిత్రులు అన్నిట్లో ఒకటిగా ఉంటారని కూడా అనుకోవద్దు. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా సముద్ర వనరుల మీద మనకే హక్కున్న ‘ప్రత్యేక ఆర్థిక మండలి’లో విదేశాలు సైనిక విన్యాసాలు చేయాలంటే మన సమ్మతి కావాలన్నది భారత్ వైఖరి. అమెరికా దాన్ని ఒప్పుకోదు. 2021 ఏప్రిల్ 7న జాన్ పాల్ జోన్స్ అనే యుద్ధనౌకను లక్షద్వీప్‌కు పడమరగా నడిపి, మన అనుమతి అడగలేదని బాహాటంగానే ప్రకటించింది. అప్పటికి క్వాడ్ అధినేతల తొలి సమావేశం జరిగి నెల కూడా కాలేదు.

ప్రశ్న: అమెరికాతో లెమోవా అనే ఒప్పందం ఉందంట. అంటే కృష్ణపట్నం రేవులో అమెరికా యుద్ధనౌకలు మకాం వేస్తాయా?
– ముత్తుకూరు పాఠకుడు

జవాబు: మకాం వేయడానికి వీల్లేదు. 2016 ఆగస్టు 29న సంతకమైన ఈ ఒప్పందం సైనిక స్థావరాలకు చోటివ్వదని ప్రభుత్వ ప్రకటనలోనే స్పష్టంగా ఉంది. ఇది సరుకులూ సేవలూ ఇచ్చిపుచ్చుకునే పద్దు. తిండి, నీళ్లు, ఇంధనం, లూబ్రికెంట్లు, బస, రవాణా, వైద్యం, విడిభాగాలు, మరమ్మతు, రేవు సేవలు దీని కిందికి వస్తాయి.

ముందుగా అనుమతి తీసుకుని రేవుకు రావడం, ఉమ్మడి విన్యాసాలు, ఉమ్మడి శిక్షణ, విపత్తు సహాయం: ఈ నాలుగు సందర్భాలకే ఇది నేరుగా వర్తిస్తుంది. ఇంకే పనికైనా ప్రతిసారీ విడిగా అడగాలి, మనం ఒప్పుకోవాలి. అమెరికా వేరే దేశంతో యుద్ధానికి దిగి ‘మా నౌకకు డీజిల్ పోయండి’ అంటే, ఈ ఒప్పందం చూపించి మనల్ని కట్టడి చేయలేదు.

మరి లాభమేంటి? ఈ పద్దు లేనప్పుడు నౌక వచ్చిన ప్రతిసారీ ధర, చెల్లింపు, అనుమతి కొత్తగా మాట్లాడుకోవాలి. సముద్రంలో ఇంధనం తగ్గుతున్న నౌకకు ఆ ఆలస్యం భరించరానిది. పద్దు ఉంటే ముందు సరుకు, తర్వాత లెక్క. 2020లో లద్దాఖ్ ఉద్రిక్తత వేళ మన జవాన్లకు చలిదుస్తులు అమెరికా నుంచి తొందరగా తెప్పించుకోవడానికి ఉపయోగపడింది ఇదే. మీకు దగ్గర్లో ఉదాహరణ కావాలంటే పులికాట్‌కు దక్షిణాన ఉన్న కాట్టుపల్లి. 2022 ఆగస్టులో చార్లెస్ డ్రూ అనే అమెరికా సరఫరా నౌక అక్కడి షిప్‌యార్డులో మరమ్మతు చేయించుకుని వెళ్లింది. మన కార్మికులకు పని దొరికింది, డబ్బూ వచ్చింది.

ఇలాంటి పద్దులు మనకు ఫ్రాన్స్, ఆస్ట్రేలియా, జపాన్‌లతోనూ ఉన్నాయి. 2025లో రష్యాతోనూ సంతకమైంది. ఒక పక్కకే ఒరగడం అనే మాట అందుకే ఇక్కడ సరిపోదు.

ప్రశ్న: ఆకస్ కూటమిలో మనమెందుకు లేం? (గ్రూప్స్ అభ్యర్థి, ఒంగోలు)

జవాబు: 2021 సెప్టెంబరులో ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికా కలిసి ప్రకటించిన ఆకస్ ముఖ్యంగా ఆస్ట్రేలియాకు అణుశక్తితో నడిచే జలాంతర్గాములు సమకూర్చే ఏర్పాటు. అణుశక్తితోనే నడిచే అరిహంత్ తరగతి జలాంతర్గాముల్ని మనం సొంతంగానే కట్టుకుంటున్నాం. పరీక్షలో ‘క్వాడ్, ఆకస్ రెండూ కూటములే’ అన్న వాక్యం కనిపిస్తే తప్పు అని గుర్తించండి; మొదటిది మాట్లాడుకునే వేదిక, రెండోది జలాంతర్గాముల ఏర్పాటు.

ప్రశ్న: రష్యా ఆయుధాలు వదిలేసి పూర్తిగా పాశ్చాత్య దేశాల వైపు మళ్లితే పోదా? ఆ పీడ విరగడవుతుంది కదా.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు

జవాబు: మాస్టారూ, మళ్లడం ఇప్పటికే జరుగుతోంది. ఆయుధాల అమ్మకాలూ కొనుగోళ్లూ లెక్కగట్టే స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ ప్రకారం మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 2010–14లో 72 శాతం, 2020–24లో 36 శాతం. కానీ కొనుగోలు వేరు, వాడకం వేరు. సుఖోయ్–30 విమానాలు, టీ–90 ట్యాంకులు ఇంకా దశాబ్దాలు మన దగ్గరే ఉంటాయి. వాటికి టైర్ల దగ్గర్నుంచి ఇంజిను ఓవర్‌హాల్ దాకా సరఫరా ఆగకూడదు. 2018 అక్టోబరులో ఐదు యూనిట్ల ఎస్–400 క్షిపణి రక్షణ వ్యవస్థలకు ఒప్పందం చేసుకుంటే, మూడు వచ్చాక ఉక్రెయిన్ యుద్ధంతో మిగతావి ఆలస్యమయ్యాయి.

పాశ్చాత్య దేశాల వైపు వెళ్తే చిక్కులుండవా? మన దేశంలోనే కట్టే తేజస్ మార్క్–1ఏ యుద్ధ విమానాల కోసం 2021లో అమెరికా సంస్థకు 99 ఇంజిన్లు ఆర్డరిచ్చాం. మొదటిది చేతికందింది 2025 మార్చిలో. విమానం బాడీ సిద్ధంగా ఉన్నా ఇంజిను లేకపోతే అది హ్యాంగర్లోనే. ఏ దేశం మీద ఆధారపడ్డా ఇదే తంతు. అందుకే మా అభిప్రాయం: ఎవరి దగ్గర కొనాలన్న చర్చ కంటే, మన దగ్గర ఇంజిను ఎందుకు తయారవడం లేదన్న చర్చ ఎక్కువ జరగాలి.

ఇంకొకటి గమనించండి. నాటో సభ్యదేశమైన టర్కీ ఇదే ఎస్–400 కొన్నందుకు 2020 డిసెంబరులో అమెరికా ఆంక్షలు వేసింది. కూటమిలో లేని మన మీద వేయలేదు.

ప్రశ్న: చైనాకు ఎదురుగా నిలబడాలని అమెరికా మనల్ని దగ్గరకు తీస్తోంది అంటారు. మరి 2025లో మా రొయ్యల మీద ఆ సుంకమేంది?
– వనామి రైతు, సింగరాయకొండ

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదే. 2025 ఆగస్టులో 25 శాతం, రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో అదే నెల 27 నుంచి మరో 25 శాతం కలిపి 50 అయింది. అమెరికాకు ఎక్కువగా వెళ్లే పెద్ద సైజు రొయ్యకే దెబ్బ గట్టిగా తగిలింది. రక్షణ స్నేహానికీ వాణిజ్యానికీ అమెరికాలో వేర్వేరు లెక్కలు. దశాబ్దాలుగా సైనిక ఒప్పందం ఉన్న జపాన్, దక్షిణ కొరియాలకే 15 శాతం వేసింది. అలాంటి రక్షణ ఒప్పందమే లేని మనకు మినహాయింపు దొరుకుతుందనుకోవడానికి ఆధారం లేదు.

మన సముద్ర ఉత్పత్తులు కొనేవాళ్లలో అమెరికా తర్వాతి స్థానం చైనాది. సరిహద్దులో ఎదురెదురుగా ఉన్న దేశమే మీ సరుకు కొంటోంది. కాబట్టి సీడు వేసేముందు ఏ కౌంటులో (కిలోకు ఎన్ని తూగే సైజులో) పట్టాలన్నది ఒకే దేశపు ధర చూసి నిర్ణయించుకోవద్దు. చిన్న సైజు రొయ్య కొనే మార్కెట్ల ధర కూడా కొనుగోలుదారును అడిగి రాసుకోండి.

ప్రశ్న: రాకెట్లకూ క్షిపణులకూ సముద్రంలోకి పోవద్దంటారు. అదే టయానికి చైనా నౌకలు వస్తన్నాయంట. వాళ్లకెట్లా తెలస్తంది? మేం ఆ హద్దులు ఎట్లా గుర్తుపెట్టుకోవాల?
– వేట బోటు యజమాని, కొత్తపట్నం

జవాబు: వాళ్లకు తెలియడంలో గూఢచర్యం అక్కర్లేదు. పరీక్షకు ముందు విమానాలకూ నౌకలకూ హెచ్చరిక బహిరంగంగా ఇవ్వాల్సిందే, లేకుంటే ప్రాణాలు పోతాయి. ఆ హెచ్చరికలో ప్రమాద ప్రాంతం పొడవు చూసి క్షిపణి ఎంత దూరం పోతుందో ఎవరైనా అంచనా వేయగలరు. యువాన్ వాంగ్–5 లాంటి చైనా నౌకల మీద పెద్ద పెద్ద డిష్ యాంటెన్నాలుంటాయి. ఎగిరేదాని దారినీ, అది పంపే సంకేతాలనూ అవి పట్టుకుంటాయి. 2022 ఆగస్టు 16న ఆ నౌక శ్రీలంకలో, 2017లో చైనా సంస్థకు 99 ఏళ్ల లీజుకిచ్చిన హంబన్‌టోట రేవుకు వచ్చింది. మన అభ్యంతరాల తర్వాత 2024లో శ్రీలంక విదేశీ పరిశోధన నౌకలకు ఏడాది పాటు తలుపులు మూసింది.

ఇక మీ పని. హెచ్చరికలో నాలుగైదు మూలల అక్షాంశ రేఖాంశాలుంటాయి. అన్నిటినీ జీపీఎస్‌లో వేసి గీత కలపండి. ఎక్కువ తప్పులు జరిగేది రెండు చోట్ల. ఒకటి సమయం. హెచ్చరికలో యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటే దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. అందులో 0400 అంటే మనకు పొద్దున తొమ్మిదిన్నర. రెండోది నిమిషాలు. 13 డిగ్రీల 43.5 నిమిషాలు అని ఉంటే కొందరు జీపీఎస్‌లో 13.435 అని కొడతారు. అది తప్పు. 43.5ను 60తో భాగించాలి, 13.725 వస్తుంది. ఆ ఒక్క పొరపాటుతో హద్దు 32 కిలోమీటర్లు జరిగిపోతుంది, మీరు సురక్షితంగా ఉన్నామనుకుంటూ ప్రమాద ప్రాంతం మధ్యలో వల వేస్తారు. జీపీఎస్ సెట్టింగుల్లో డిగ్రీలు–నిమిషాలు పద్ధతి ఎంచుకుంటే ఈ లెక్కే అక్కర్లేదు.

వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు 16వ ఛానల్‌లోనే ఉంచండి. వింతగా కనిపించే నౌక ఎదురైతే దగ్గరకు పోవద్దు. సమయం, జీపీఎస్ అంకెలు, అది పోతున్న దిక్కు రాసుకుని కోస్ట్ గార్డ్‌కు 1554, లేదా మెరైన్ పోలీసులకు 1093 నంబరులో చెప్పండి.