రెండో తరగతి బాబు క్లాసులో పక్కవాళ్లను కొడుతున్నాడంటున్నారు, అసలు కారణం తెలుసుకునేదెలా?

మీ బాబు విశాఖ మధురవాడలో ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి. పక్కవాళ్లను కొడుతున్నాడనీ, పుస్తకాలు విసురుతున్నాడనీ డైరీలో రాసి పంపుతున్నారు. ఇంట్లో మాత్రం బాగానే ఉంటాడు. ‘హైపర్ యాక్టివ్ ఏమో డాక్టరుకు చూపించండి, లేదంటే టీసీ తీసుకోండి’ అంటున్నారు. ఇదీ మీరు రాసింది. అందులో ‘ఇంట్లో బాగానే ఉంటాడు’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను.

నేను డాక్టర్ని కాను. కంచరపాలెం వైపు ఒక సర్కారు బడిలో చిన్న తరగతులకు చెబుతున్నాను. మీ స్కూలువాళ్లు ‘హైపర్ యాక్టివ్’ అంటున్నది ఏడీహెచ్‌డీ గురించే, అంటే నిలకడ లేకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య. నాకు తెలిసినంతలో ఏడీహెచ్‌డీ అని తేల్చాలంటే ఆ లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉండాలి, 12 ఏళ్లలోపే మొదలవ్వాలి, ఇల్లూ బడీ లాంటి రెండు చోట్లయినా కనిపించాలి. ఒక్క చోటే, అందులోనూ ఒకటి రెండు పీరియడ్లలోనే గొడవ చేస్తున్నాడంటే ముందు ఆ పీరియడ్‌ని అనుమానించాలి, పిల్లాణ్ణి కాదు.

నాలుగో తరగతికి నా దగ్గరికొచ్చిన ఒక గుంటడి సంగతి చెబుతాను. ‘రౌడీ’ అన్న పేరు వాడికంటే ముందే వచ్చేసింది. తెలుగు పీరియడ్‌లో పక్కవాణ్ణి గిల్లేవాడు, వాడు ఏడ్చేవాడు, టీచరు వీణ్ణి వరండాలోకి పంపేసేది. ఏడాదంతా అదే తంతు. నేను అటెండెన్సు రిజిస్టర్లో ఒక తెల్లకాగితం పెట్టుకుని మూడు గళ్లు గీశాను: గొడవకు ముందు ఏం జరుగుతోంది, వాడు ఏం చేశాడు, ఆ వెంటనే ఏమైంది. ‘అల్లరి చేశాడు’ అని రాస్తే పనికిరాదు. ‘ఒక్కొక్కరూ లేచి పైకి చదువుతున్నారు, వీడికి ముందు ఇంకా ఇద్దరున్నారు, పక్కవాడి మోచేతి మీద గిల్లాడు, బయటికి పంపారు’ అని ఉన్నదున్నట్టు రాయాలి.

కొన్నాళ్లు రాశాక కాగితమే చెప్పేసింది. లెక్కల్లో గిల్లుడు లేదు, ఆటల్లో లేదు. చదివే వంతు దగ్గర పడుతుంటేనే. వాడు వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడు కూడా, తన వంతుకి ఇంకా ఎంతమంది ఉన్నారో. విడిగా కూర్చోబెట్టి చదివిస్తే గుణింతాలు వచ్చు, ఒత్తు కనిపిస్తే మాట దగ్గరే ఆగిపోతున్నాడు. నలుగురిలో నవ్వుల పాలయ్యే కంటే వరండాయే నయం కదా! శిక్ష అనుకుని పెద్దవాళ్లు ఇచ్చింది వాడికి కావలసిందే.

అసలు సూత్రం ఇంతే. పిల్లలు పదేపదే చేసే పని వల్ల వాళ్లకు ఏదో దొరుకుతుంది, లేదా ఏదో తప్పుతుంది. దొరికేది టీచరు చూపు కావచ్చు, తిట్టు రూపంలో అయినా సరే. ఒక వస్తువు కావచ్చు. కొందరికి ఊగడం, కాళ్లు ఆడించడం లాంటివి ఒంటికి హాయి, అంతకు మించి ఏమీ లేదు. కారణం ఏదో తేలకుండా మందు వేస్తే రోగం ముదురుతుంది. చూపు కోసం చేసేవాణ్ణి తిడితే ఇంకా చేస్తాడు, పని తప్పించుకోవాలనుకునేవాణ్ణి బయటికి పంపితే రేపు తొందరగా చేస్తాడు.

మా వాడికి మర్నాటి పాఠంలో రెండు వాక్యాలు ముందురోజే ఇచ్చి ఇంటికి పంపేదాన్ని. అందరికంటే ముందు వాడితోనే చదివించేదాన్ని, ఎదురుచూపు ఉండదని. ఒత్తులు విడిగా నేర్పించాను. క్లాసులో గిల్లుడు బాగా తగ్గింది. భోజనం లైన్లో తోసుకోవడం మాత్రం పోలేదు, అది నాలుగో తరగతి మగపిల్లలందరికీ ఉన్నదే.

ఇంకో పాప కూడా ఇలాగే పక్కవాళ్లను కొట్టేది. కాగితంలో చూస్తే దెబ్బ తినేది ఎప్పుడూ ఎడమ పక్కన కూర్చున్న పిల్లే. కొట్టే పాపకు ఎడమ చెవిలో చీము కారుతోంది, సరిగ్గా వినపడదు. అటునుంచి ఎవరైనా ముట్టుకుంటే ఉలిక్కిపడి చెయ్యి విసిరేది. ప్రభుత్వాసుపత్రిలో చెవి డాక్టరుకు చూపించి, క్లాసులో చోటు మార్చాం. కొట్టడం ఒకటే, కారణాలు ఎంత వేరో చూడండి. అందుకే చూపు, వినికిడి, నిద్ర, పొద్దున ఏం తిని వెళ్తున్నాడు, ఇవి ముందుగా చూసుకోండి.

క్లాస్ టీచర్‌ని కలిసినప్పుడు ‘మావాడు అలాంటివాడు కాదండీ’ అని మొదలుపెట్టొద్దు. ఏ పీరియడ్, ఏ పని చేయిస్తున్నప్పుడు, పక్కన ఎవరు, ఆ వెంటనే మీరేం చేశారు, ఇవి అడగండి. రోజూ రెండు ముక్కలు రాసిపెట్టమని బతిమాలండి. ఆమెకూ చేతినిండా పిల్లలే, అందుకని గళ్లు గీసిన కాగితం మీరే ఇవ్వండి. బాబుని ‘ఎందుకు కొట్టావు’ అని నిలదీస్తే వచ్చేది ‘ఏమో’ మాత్రమే. ‘కొట్టడానికి ముందు టీచర్ ఏం చెప్తున్నారు నాన్నా’ అంటే కథంతా చెబుతారు పిల్లలు.

ఒక హెచ్చరిక. టీచరు చూపు కోసమే చేస్తున్నాడని తేలి, అల్లరికి పలకడం మానేస్తే మొదట్లో అల్లరి పెరుగుతుంది. మధ్యలో ఓసారి లొంగిపోతే ఇంకా గట్టిగా పట్టుబడతాడు. పక్కవాళ్లకు దెబ్బ తగలకుండా చూస్తూ, బుద్ధిగా ఉన్నప్పుడే పలకరించాలి.

ఇవన్నీ చేసినా ఇంట్లోనూ అదే తీరు మొదలైతే పిల్లల డాక్టరుకు చూపించండి. మానసిక వైద్యుల దాకా వెళ్లాల్సి వస్తే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఆ పేరు చూసి జంకకండి.

టీసీ సంగతంటారా, విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడినుంచి తీసేయకూడదు, కొట్టడం, మానసికంగా వేధించడం కూడా నిషేధమే. అయితే ఈ చట్టం మాట మొదటి మీటింగ్‌లోనే తీయొద్దు. ముందు రెండు వారాల కాగితం పట్టుకెళ్లి హెచ్ఎం ముందు పెట్టండి.