గ్యాస్ ఎక్కించే ముందు ఒక్క మాట

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కారు ఏసీ చల్లగా రావట్లేదని, రేపే గ్యాస్ ఎక్కించేస్తానని రాశావు. కాస్త ఆగరా. ఏసీ గ్యాసేమీ పెట్రోలు కాదు, తిరిగినకొద్దీ అయిపోవడానికి. అదే గ్యాస్ పైపుల్లో ఒకచోట ద్రవమై, ఇంకోచోట ఆవిరై తిరుగుతూ ఉంటుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందన్నమాట. ఆ చోటు పట్టుకోకుండా నింపితే చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే.

అసలు చల్లదనం ఎలా పోయిందో నువ్వు రాయలేదు. నేనైతే ముందు అదే అడుగుతాను. గాలే సన్నగా వస్తోందా, లేక గాలి జోరుగా వస్తూ చల్లదనం మాత్రం లేదా? గాలి సన్నబడితే క్యాబిన్ ఫిల్టర్, అంటే లోపలికొచ్చే గాలిలో దుమ్ము ఆపే జల్లెడ, తీసి చూడు. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది, చేత్తోనే ఊడి వస్తుంది. దుమ్ము, ఎండాకులు సరే, ఎలుక గూడు కూడా చూశాను నేను. ఇంకో రకం ఉంది. మొదటి అరగంట హాయిగా ఉండి, తర్వాత గాలే ఆగిపోతుంది. అది డ్యాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే కాయిల్ మీద మంచు కట్టడం. ఏసీ స్విచ్ ఆపి ఫ్యాన్ మాత్రం ఓ పదిహేను నిమిషాలు తిప్పు. గాలి మళ్ళీ వస్తే విషయం తెలిసిపోయినట్టే. ఫిల్టర్ మూసుకుపోయినా, కాయిల్ దగ్గరి సెన్సర్ పాడైనా, గ్యాస్ కొంచెం తగ్గినా అలా జరుగుతుంది.

కారు పరిగెత్తేటప్పుడు చల్లగా ఉండి, ట్రాఫిక్‌లో ఆగితే వేడిగాలి వస్తోందా? అయితే బండి ముందుభాగంలో ఉండే కండెన్సర్, అంటే గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ, దాని ఫ్యాన్‌ని అనుమానించు. ఇంజన్, ఏసీ ఆన్ చేసి బానెట్ ఎత్తి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో దూరం నుంచే చూడు. కొన్ని కార్లలో ఇంజన్ ఆపినా అది ఉన్నట్టుండి తిరుగుతుంది, చేతులు పెట్టకు. తిరక్కపోతే ఫ్యూజు, రిలే చూసుకో. ఫ్యాన్ బాగానే ఉంటే కండెన్సర్ మీద మట్టి, పురుగులు పేరుకున్నాయేమో చూడు. ఇంజన్ చల్లారాక మామూలు పైపు నీళ్ళతో మెల్లగా కడుగు. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే ఆ పల్చటి రేకులు వంగిపోతాయి.

ఒకవైపు చల్లగా, ఇంకోవైపు వేడిగా వస్తున్నా, డ్యాష్‌బోర్డు వెనక టకటకమంటున్నా, వేడి చల్లగాలుల్ని కలిపే ఫ్లాప్ మోటారుని చూడమని మెకానిక్‌కి చెప్పు.

ఇక గ్యాస్‌ని ఒత్తి తిప్పే కంప్రెసర్. క్లచ్ ఉన్న రకమైతే ఏసీ నొక్కగానే టక్‌మని అందుకుంటుంది. కొత్త కార్లలో కొన్నిటికి ఆ చప్పుడు ఉండదు, కంగారుపడకు. అసలు అందుకోకపోతే ఫ్యూజో, రిలేనో, క్లచ్ కాయిలో పోయి ఉండొచ్చు. గ్యాస్ బాగా తగ్గడం వల్ల ప్రెషర్ స్విచ్ ఆపేసి ఉండొచ్చు కూడా. ఆ స్విచ్‌ని వైరు ముక్కతో కలిపేసి నడిపిస్తామంటారు కొందరు. ఒప్పుకోవద్దు. కంప్రెసర్‌కి కావలసిన నూనె గ్యాస్‌తో పాటు తిరుగుతూనే అందుతుంది. గ్యాస్ లేకుండా తిప్పితే బిగుసుకుపోతుంది, అప్పుడు ఖర్చు మామూలుగా ఉండదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయంటే అప్పుడు లీకు వెతకాలి. జాయింట్ల దగ్గర నూనె మరకకి దుమ్ము అంటుకుని ఉంటే అక్కడే అనుమానం. పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్దాయన కారుకి ఒకే వేసవిలో మూడుసార్లు గ్యాస్ ఎక్కించాను. ప్రతిసారీ జాయింట్లన్నిటికీ సబ్బు నురగ పూసి చూశాను, బుడగ రాలేదు. చివరికి చూస్తే, లీకు నేను గ్యాస్ ఎక్కించే వాల్వులోనే! కారు టైరు వాల్వులో ఉండే లాంటి పిన్ను. ఒత్తిడి చూసే గేజి తగిలించినంతసేపూ ఆ లీకు నా చేతి కిందే దాక్కుంది. ఆయన ముందు తలెత్తలేకపోయాను. అందుకే ఆ వాల్వు మూతలు ఉన్నాయో లేదో చూడమంటాను.

పైపులు మాత్రం నువ్వు విప్పకు. ఇంజన్ ఆపి ఉన్నా, 30 డిగ్రీల వేడిలో లోపల 90 పీఎస్ఐ పైనే ఒత్తిడి ఉంటుంది. చాలా కార్ల ఏసీల్లో ఉండే ఆర్134ఎ గ్యాస్ బయటపడితే మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. చర్మం మీద పడితే కాలినట్టే, కంట్లో పడితే ఇంకా ప్రమాదం.

మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు పక్కనే నిలబడు. లీకు సరిచేశాక కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టాలి, అంటే పంపుతో పైపుల్లోని గాలంతా లాగేయాలి, లోపలి తేమ పోవాలి కదా. పంపు ఆపాక గేజి ముల్లు కదలకుండా ఉందో లేదో నువ్వే చూడు. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది సాధారణంగా బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. తూకం వేసి అంతే ఎక్కించమను. ఆర్134ఎ బదులు ఆర్1234వైఎఫ్ అనే ఇంకో రకం గ్యాస్ గాని, దానికి బదులు ఇది గాని వేయకూడదు. ‘ఇంకొంచెం వేస్తే ఇంకా చల్లగా వస్తుంది’ అంటే నమ్మకు, ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. లీకు మూసే మందు డబ్బాలు అసలే వద్దు, లోపల సన్నని దారులు పూడుకుపోతాయి.

ముందు ఆ ఫిల్టర్ ఊడదీసి ఫొటో పంపు. ఏసీ ఎప్పుడెప్పుడు వేడెక్కుతోందో అది కూడా రాయి.

ఇట్లు,
మామయ్య