బండి అనగానే బండే చూపించకు

విజయనగరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

గురజాడ కన్యాశుల్కం నాటకంలోని మాటలకు పాత ఫొటోలు జతచేసి నువ్వు పంపిన తొమ్మిది నిమిషాల సినిమా మూడుసార్లు చూశాను. మొదటిసారి మన ఊరి పాత ఫొటోల మురిపెంలో పడి ఇంకేమీ పట్టించుకోలేదు. రెండోసారి చిరాకు వేసింది. మూడోసారి ఆ చిరాకుకు కారణం దొరికింది.

నాటకం చదివే గొంతు బండి అనగానే తెరమీద ఎద్దుబండి, కోట అనగానే కోట. ఇది ఒకటో తరగతి వాచకం పద్ధతి. కన్యాశుల్కం 1892లో ఇదే ఊళ్లో మొదటిసారి ఆడారు. అప్పటినుంచి ఆ మాటలు వినేవాడి కళ్లముందు వాటంతటవే బొమ్మ కడుతున్నాయి. బండి మాట వినిపించేటప్పుడు నీ దగ్గరున్న ఖాళీ అరుగు ఫొటో పెట్టి చూడు. ఎవరు వెళ్లిపోయారో, ఎవరు రావాలో చూసేవాడే వెతుక్కుంటాడు.

ఒక్కచోట మాత్రం కోప్పడుతున్నాను. నాటకంలో వేశ్య అయిన మధురవాణి మాటలకు, కుర్చీలో కూర్చున్న పేరు తెలియని ఆవిడ ఫొటో పెట్టావు. ఆవిడ ఎవరింటి అమ్మమ్మో! నేనూ ఒకప్పుడు ఇదే తప్పు చేశాను. స్టూడియో పెట్టెలో దొరికిన ఫొటోను ఒక వేశ్య పాత్ర మాటలకు జతచేసి చూపిస్తే, హాల్లో ఒక పెద్దాయన లేచి “అది మా అమ్మ” అన్నాడు. ఇంకేమీ అనలేదు. నాటకం మొత్తంలో తెలివైనది మధురవాణే అని నేను ఎంతసేపైనా వాదించగలనని నీకు తెలుసు. ఆ రోజు నోరు పెగలలేదు. ముఖం కనిపించే ప్రతి ఫొటోకీ ఇంటివాళ్లను అడుగు. ఏ మాటల పక్కన పెడుతున్నావో కూడా చెప్పి అడుగు. వాళ్లు దొరకకపోతే మధురవాణికి ఒక గది చాలు, గోడమీద అద్దం చాలు.

రచయిత పోయాక అరవై ఏళ్లకు రచన మీద హక్కు తీరిపోతుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆ మాటలకు చిక్కులేదు. కథకుడు చాసో (చాగంటి సోమయాజులు) కథ కూడా కలుపుతానన్నావు. ఆయన పోయింది 1994లో. వారసుల అనుమతి తీసుకోవాల్సిందే. కథ పాఠం కోసం శ్రీకాకుళం వెళ్లి, కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన కథల గ్రంథాలయం కథానిలయంలో చూసుకో.

ముఖం దగ్గరికి వెళ్లినప్పుడు నీ బొమ్మలు చెదురుతున్నాయి. ఆరంగుళాల ఫొటోను 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే అడ్డంగా వచ్చేది 1800 చుక్కలే, తెరకే 1920 కావాలి. ఫొటోలో పావు వెడల్పును తెరనిండా చూపాలంటే దాదాపు 1300 డీపీఐ పెట్టాలి. ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫొటోలను మాత్రం పీకవద్దు. తేమకు అలా అంటుకుంటాయి, లాగితే బొమ్మ అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతోపాటే కెమెరాతో తీయి. కెమెరా ముందు నల్లదుప్పటి కట్టి లెన్సుకు మాత్రం కంత వదిలితే నీ నీడ అందులో కనబడదు.

వయొలిన్ తీసెయ్యి. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి ఈ మాట అనడం నాకూ కష్టంగానే ఉంది, కానీ అది ప్రతి ఫొటోకీ ఏడవమని చెబుతోంది.

సిరిమాను జాతరకు వస్తావుగా. ఆ అరుగు ఫొటో అసలు ప్రతి తీసుకురా. వెనక ఏమైనా రాసి ఉందేమో చూద్దాం.

మీ మామయ్య