ప్రపంచంలో తొలి మహిళా రబ్బీ ఎవరు?

బెర్లిన్‌కు చెందిన రెజీనా యోనాస్. 1935 డిసెంబరులో ఆమె రబ్బీ, అంటే యూదుల మతగురువు అయ్యారు. చాలామంది 1972లో అమెరికాలో రబ్బీ అయిన శాలీ ప్రీసాండ్ పేరు చెబుతారు. ప్రీసాండ్ అమెరికాలో తొలి మహిళ, ప్రపంచంలో కాదు. ఈ పొరపాటుకు కారణముంది. యోనాస్‌ను నాజీలు 1944లో ఆష్‌విట్జ్‌ మృత్యు శిబిరంలో చంపేశారు. ఆమె కాగితాలు తూర్పు బెర్లిన్‌లోనే ఉండిపోయి, బెర్లిన్ గోడ కూలాకే వెలుగు చూశాయి.

పట్టా కూడా తేలిగ్గా రాలేదు. స్త్రీ రబ్బీ కావచ్చా అన్నదే ఆమె 1930 నాటి సిద్ధాంత వ్యాసం. కావచ్చని మతగ్రంథాల నుంచే వాదించారు. అయినా ఆమె చదివిన కాలేజీ ఇచ్చింది టీచర్ సర్టిఫికెట్ మాత్రమే! చివరికి మాక్స్ డీనెమాన్ అనే రబ్బీ విడిగా పరీక్షించి పట్టా ఇచ్చారు. తెరెజీన్‌ నాజీ నిర్బంధ శిబిరంలోనూ ఆమె ప్రసంగాలు ఆపలేదు.